గ్లెనీగల్స్‌లో కింగ్స్ కోర్సును వదలకండి

స్కాట్లాండ్‌లోని గ్లెనీగల్స్ హోటల్‌కు వెళ్తే, అమెరికా, యూరప్ జట్లు తలపడే రైడర్ కప్ గోల్ఫ్ పోటీ 2014లో జరిగిన పీజీఏ సెంటినరీ గోల్ఫ్ కోర్సులోనే ఆడాలని ఒక వ్యాసంలో చదివాను. నేను ఒప్పుకోను. అమెరికన్ గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్ రూపొందించిన ఆ కోర్సు 1993లో వచ్చింది, పొడవెక్కువ. అసలు అందమంతా స్కాట్లాండ్ గోల్ఫర్ జేమ్స్ బ్రెయిడ్ వేసిన కింగ్స్ కోర్సుదే. అది 1919 నాటిది. హోటల్ తెరిచింది 1924లో, అంటే ఆటస్థలమే ముందు! అక్కడ ఒక్కో హోల్‌కీ ఒక్కో పేరు, పదమూడోది బ్రెయిడ్స్ బ్రావెస్ట్. ఎత్తుపల్లాల గడ్డి, చుట్టూ కొండలు, ఆగస్టులో ఊదారంగు హెదర్ పూలు... ఎంత చూసినా తనివి తీరదు. ఆట రానివాళ్లు స్పాతోనే సరిపెట్టుకోనక్కర్లేదు, డేగలను ఎగరేయడం కూడా నేర్పుతారు. జూన్‌లో రాత్రి పదింటికీ వెలుగుంటుంది కాబట్టి మసాజ్ మధ్యాహ్నం, ఆట సాయంత్రం పెట్టుకోండి. కారు లేకపోయినా పర్లేదు, గ్లెనీగల్స్ పేరుతోనే దగ్గర్లో రైల్వే స్టేషన్ ఉంది.