పారోస్ దీవిలో పెరటి సందు

విలాసవంతమైన విల్లాల ప్రకటనలలో గాలి కనిపించదు. అందుకు ఫోటోలు తీసినవారిని తప్పు పట్టలేము. గ్రీసుకు చెందిన సైక్లడీస్ దీవులలో ఆగస్టు నెలకు ఇల్లు అద్దెకు తీసుకునేవారు నీలి సముద్రాన్నీ, తెల్లటి గోడలనూ, అంచు దాటి సముద్రంలోకి ఒలికిపోతున్నట్టుండే ఈతకొలనునూ చూసి డబ్బు కట్టేస్తారు. మా బావగారూ కట్టారు. అయితే ఆయన వృత్తిరీత్యా ఆడిటరు కాబట్టి ఊరికే కట్టలేదు. ఆ దీవుల్లో ఒకటైన పారోస్‌లో ఒక గుట్ట నెత్తిన ఉన్న ఆ విల్లా అద్దెను తొమ్మిది మందికి భాగించి, హోటలు గదుల ఖర్చుతో పోల్చి, వంట మనమే చేసుకుంటే మిగిలే సొమ్మును వేరే గడిలో వేసి, ఈ విహారం వల్ల కుటుంబానికి లాభమే తప్ప నష్టం లేదని కాగితం మీద నిరూపించారు. తొమ్మిదో మనిషి ఏడాదిన్నర పాప అన్న సంగతిని ఆ కాగితం పట్టించుకోలేదు.

ఏథెన్స్ దగ్గరి పిరేయస్ రేవులో ఓడ ఎక్కి, సుమారు నాలుగు గంటల తరువాత పారోస్ రేవు పట్టణమైన పరీకియాలో దిగాము. ఇంటికి నంబరు లేదు, దారికి పేరు లేదు. రెండో చిన్న చర్చి దాటాక ఎడమకు తిరగమని మాత్రం యజమాని సందేశం పంపించాడు. ఆ దీవిలో గుట్టకొకటి, పొలానికొకటి చొప్పున చిన్న చర్చిలు ఉన్నాయి గనుక, మొదటిది ఏదో తేలితే కదా రెండోది తెలిసేది! రాతి గోడల మధ్య మట్టిదారిలో పోతున్నంతసేపూ, అద్దె కారు బీమా కారు అడుగుభాగానికి వర్తించదన్న సంగతిని బావగారు గుంతకొకసారి గుర్తు చేస్తూనే ఉన్నారు.

విల్లా అచ్చంగా ఫోటోలో ఉన్నట్టే ఉంది. ఫోటోలో లేనిదల్లా మెల్టెమీ అనే గాలి. వేసవిలో బాల్కన్ ప్రాంతం మీద గాలి ఒత్తిడి ఎక్కువగానూ, అటు టర్కీ వైపు తక్కువగానూ ఉండటం వల్ల, ఉత్తరం నుంచి పొడిగాలి ఏజియన్ సముద్రం పొడవునా దూసుకు వస్తుంది. జూలై, ఆగస్టు నెలల్లో దాని ఉద్ధృతి మరీ ఎక్కువ. మన తుపానులకు మబ్బైనా ముందుగా కబురు తెస్తుంది; ఇక్కడ ఆకాశంలో మచ్చుకైనా మబ్బుండదు, ఎండ ధగధగలాడుతూనే ఉంటుంది, మనిషి మాత్రం నిలబడలేడు. ప్రాచీన గ్రీకులకు ఈ సంగతి బాగా తెలుసు. మాసిడోనియా రాజు ఫిలిప్ ఈ గాలులు వీచే కాలం చూసుకునే దండెత్తుతున్నాడనీ, అప్పుడు మన ఓడలు ఉత్తరానికి వెళ్ళలేవనీ క్రీ.పూ. 351 ప్రాంతంలో డెమోస్తనీస్ అనే వక్త ఏథెన్స్ ప్రజల ముందు మొరపెట్టుకున్నాడు. మా విల్లా యజమాని కూడా సరిగ్గా అదే కాలం చూసుకుని అద్దె పెంచాడు.

నిజానికి గడప తొక్కగానే సూచనలు కనిపించాయి. కొలను పక్కనున్న గొడుగులన్నీ ముడుచుకుని, తాళ్ళతో కట్టేసి ఉన్నాయి. కుర్చీల మెత్తలు కొట్టు గదిలో ఉన్నాయి. ప్రతి తలుపు దగ్గరా ఒక గుండ్రాయి ఉంది. అది అలంకారమనుకుని మా పెద్దమామయ్య ఒకదాన్ని పక్కకు జరిపారు. ఆ మరుక్షణమే తలుపు వచ్చి ఆయన కాలి బొటనవేలిని పలకరించింది. మారథాన్ యుద్ధంలో పర్షియన్లను ఓడించిన ఏథెన్స్ సేనాని మిల్టియాడీస్ అంతటివాడు, ఆ మరుసటి ఏడాది, అంటే క్రీ.పూ. 489లో, ఇదే పారోస్‌ను 26 రోజులు ముట్టడించి, ఒక గుడి ప్రహరీ దూకి కాలికి దెబ్బ తగిలించుకుని, వట్టి చేతులతో ఏథెన్స్‌కు తిరిగిపోతే అక్కడివారు అతనికి 50 టాలెంట్ల (టాలెంటంటే ఆ కాలంలో వెండిని తూచే పెద్ద కొలత) జరిమానా వేశారు. ఈ కథ చెప్పి మామయ్యను ఓదార్చబోయాను. ఆయన బొటనవేలు పట్టుకుని, "జరిమానా సంగతి మీ బావ చూసుకుంటాడులే" అన్నారు.

జరిమానా కాదు గానీ రుసుము ఒకటి ఉంది. గ్రీసు ప్రభుత్వం వాతావరణ సంక్షోభం పేరిట బస మీద రుసుము వసూలు చేస్తుంది. 2025 నుంచి ఏప్రిల్, అక్టోబరు నెలల మధ్య ఇలాంటి స్వల్పకాలపు అద్దె ఇళ్ళకు రోజుకు 8 యూరోలు, 80 చదరపు మీటర్లు దాటిన విడి ఇంటికైతే 15 యూరోలు. ఈ ముక్క వినగానే మామయ్య కాలి నొప్పి మరిచిపోయారు. "ఈ వాతావరణానికి మనం ఎదురు డబ్బు కట్టడమేమిటోయ్? అదే మనకు కట్టాలి గానీ" అన్నారు.

మమ్మల్ని కాపాడింది పెద్దత్తయ్య. ఉతికిన బట్టలు ఆరేయడానికి చోటు వెతుకుతూ ఆవిడ ఇంటి వెనక్కి వెళ్ళి, అక్కడి నుంచి ఎంతకీ రాకపోయేసరికి మేమూ వెళ్ళి చూస్తే, మోటారు గదికీ ప్రహరీకీ నడుమ, చెత్త డబ్బాల పక్కన, నలుగురు పట్టేంత సందులో బోర్లించిన బకెట్టు మీద హాయిగా కూర్చుని ఉన్నారు. అక్కడ గాలి లేదు. ఆవిడ జడలో ఒక్క వెంట్రుక కదలడం లేదు. అరగంటలో తొమ్మిది మందిమీ అక్కడికి చేరాము. ఆ తరువాత టిఫిన్లు, కబుర్లు, పేకాట, పాప నిద్ర, సమస్తం ఆ సందులోనే. ముందువైపున ప్రపంచమంతా డబ్బిచ్చి చూడవలసిన సముద్రం ఉంటే, మేము మోటారు గది గోడకున్న కరెంటు మీటరును చూస్తూ కూర్చునేవాళ్ళం.

ఆ దీవి పాత ఊళ్ళను చూస్తే అత్తయ్యది ఎంత అనుభవజ్ఞుల పద్ధతో అర్థమవుతుంది. లెఫ్కెస్ అనే ఊరు సముద్రానికి దూరంగా కొండ మడతలో ఒదిగి ఉంటుంది. నౌసాలోనూ, పరీకియా పాతపేటలోనూ ఇళ్ళు ఒకదానినొకటి ఆనుకుని, సందులు మెలికలు తిరిగి, గాలికి తిన్నగా పోయే దారి ఇవ్వకుండా ఉంటాయి. అంతా చూసుకుని కట్టుకున్నవారు ఆ పూర్వులు. గుట్ట నెత్తిన, నాలుగు దిక్కులకూ నిలువెత్తు అద్దాలు పెట్టి కట్టడమన్నది మనలాంటి అతిథుల కోసం కనిపెట్టిన విద్య.

ఇక అసలు ప్రమాదం. బావగారు కట్టిన ప్యాకేజీలో కొలను నీటి మీద తేలే పళ్ళెంలో అల్పాహారం అనే ముచ్చట ఒకటి కలిసి ఉంది. గాలి తగ్గేదాకా వద్దని ఇల్లు చూసుకునే ఆవిడ రెండు చేతులూ ఊపి మరీ చెప్పింది. కట్టిన డబ్బుకు సేవ పొందకపోవడం ఆడిటరు మనస్తత్వానికి సరిపడే విషయం కాదు. రొట్టెలు తినలేమని అత్తయ్య చేసిన బొంబాయిరవ్వ ఉప్మా, శనగపప్పు, ఆవాల పోపుతో ఘుమఘుమలాడుతూ, ఆ వెడల్పాటి వెదురు పళ్ళెం ఎక్కింది. చట్నీ, కాఫీ గ్లాసులు కూడా ఎక్కాయి. బావగారు నడుముదాకా నీళ్ళలో నిలబడి, ఫోటో తీయమని మా అక్కయ్యకు సైగ చేసి, పళ్ళెం మీది చేయి తీశారు.

గాలి ఉత్తరం నుంచి వస్తుంది. కొలనుకు అంచు లేని వైపు దక్షిణం. పళ్ళెం తెరచాప ఎత్తిన ఓడకు దీటుగా బయలుదేరి, బావగారు రెండడుగులు వేసేలోగా కొలను దాటి, నీటితోపాటు అంచు మీదుగా కిందికి దిగిపోయింది. "గాలికి పోయిన పేలపిండి కృష్ణార్పణం" అని అత్తయ్య చేతులు జోడించారు. కానీ అది కృష్ణుడి దాకా పోలేదు. ఇలాంటి కొలనులో అంచు దాటిన నీరు కింద ఉన్న తొట్టిలో పడి, అక్కడి నుంచి ఫిల్టరు గుండా మోటారు ద్వారా మళ్ళీ పైకి వస్తుంది. ఉప్మా కూడా ఆ మార్గాన్నే అనుసరించబోయి నడుమ ఆగింది. మోటారు ఒకసారి మూలిగి, తానూ ఆగింది.

బాగుచేసే ఆయన మూడు గంటలకు వచ్చాడు. వేసవిలో మధ్యాహ్నం మూడు నుంచి ఐదున్నర దాకా గ్రీసులో నిశ్శబ్ద వేళ. చప్పుడు చేసే యంత్రం ముట్టుకోకూడదు. కాబట్టి ఆయన మా సందులోకి వచ్చి, బకెట్టు మీద కూర్చుని, గిన్నెలో మిగిలిన ఉప్మా రెండు సార్లు వడ్డించుకుని తిన్నాడు. ఐదున్నరకు ఫిల్టరు విప్పి, జల్లెడలో పడిన శనగపప్పును ఒక్కొక్క బద్ద చొప్పున ఏరుతూ, తన చిన్నప్పుడు ఈ గుట్ట మీద తాతగారు మేకలను కూడా కట్టేవారు కాదని, అవి కింది లోయలోకి పారిపోయేవని చెప్పాడు. మామయ్య బావగారి వైపు చూశారు గానీ ఏమీ అనలేదు. అల్లుడి మర్యాద ఒకటి ఏడ్చింది కదా.

బయలుదేరవలసిన నాటికి గాలి, దాని ఉద్ధృతిని లెక్కించే బోఫోర్ట్ కొలతలో ఎనిమిదికి చేరింది, అంటే గంటకు 62 కిలోమీటర్లు దాటిందన్నమాట. ఓడలను రేవుల్లో నిలిపేశారు. మా తరువాత దిగవలసిన అతిథులు పిరేయస్‌లో చిక్కుకుపోయారు గనుక, ఇంకొక రాత్రి ఉండవచ్చునని యజమాని సందేశం పంపించాడు. బావగారు ఫోను అందుకున్నారు. అంతకుముందే మామయ్య పంచెతో సందు పొడవూ వెడల్పూ కొలిపించి కాగితం మీద వేసుకున్నారు. "మేము వాడుతున్నది పది చదరపు మీటర్లు కూడా లేని పెరటి సందు మాత్రమే. 80 మీటర్ల లోపు కాబట్టి మాకు 8 యూరోల రుసుమే వర్తిస్తుంది, అద్దె కూడా ఆ దామాషాలోనే వేయాలి" అని ఆయన వాదించారు. అవతల చాలాసేపు మాట లేదు. తరువాత యజమాని, రుసుము ఇంటికే గానీ సందుకు విడిగా ఉండదనీ, అయితే అద్దెలో సగం తగ్గిస్తాననీ, ఉదయం అల్పాహారం మాత్రం గదిలోకే పంపిస్తాననీ చెప్పాడు.

"గదిలోకి కాదండీ," అన్నారు బావగారు, "వెనక్కి పంపించండి. మోటారు పక్కన ఉంటాం."