డిగ్రీ గడి దగ్గరే ఆగిపోతే ఎలా?

ఉద్యోగ దరఖాస్తు ఫారంలో ‘విద్యార్హత’ గడి పక్కన చిన్న ఎర్ర నక్షత్రం ఉంటుంది. అక్కడ ఏదో ఒక డిగ్రీ ఎంచుకోకపోతే ఫారం ముందుకు కదలదు. ఏళ్ల తరబడి రాత్రుళ్లు కూర్చుని కోడింగ్ నేర్చుకున్న మనిషి ఆ గడి దగ్గరే ఆగిపోతున్నాడు. అతని ప్రోగ్రాం బాగాలేదని ఎవరూ అనలేదు. అసలు దాన్ని తెరిచి చూసినవారే లేరు.

నిజానికి ఈ ప్రోగ్రామింగ్ వృత్తి తన పేరు మీద డిగ్రీ లేని రోజుల్లోనే పుట్టింది. 1940ల్లో తొలి ఎలక్ట్రానిక్ కంప్యూటర్లలో ఒకటైన ఎనియాక్ యంత్రాన్ని నడిపించిన ఆరుగురు మహిళలు వైరింగ్ బొమ్మలు ముందేసుకుని ప్రోగ్రామింగ్ నేర్చుకున్నారు. వారికి గణితం వచ్చు, కానీ ప్రోగ్రామింగ్ నేర్పే తరగతి గది అప్పటికి ఎక్కడా లేదు. అమెరికాలో తొలి కంప్యూటర్ సైన్స్ విభాగం పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో మొదలైంది 1962లో.

ఇప్పుడు చాలా కంపెనీలు డిగ్రీ నిబంధన తీసేశామని గొప్పగా ప్రకటిస్తున్నాయి. సంతోషమే. కానీ హార్వర్డ్ బిజినెస్ స్కూల్, ఉద్యోగ మార్కెట్‌ను అధ్యయనం చేసే బర్నింగ్ గ్లాస్ ఇన్‌స్టిట్యూట్ కలిసి 2024లో అమెరికా నియామకాలను పరిశీలించి తేల్చినదేమిటంటే, ఈ మార్పు వల్ల నిజంగా అవకాశం దొరికింది 700 నియామకాల్లో ఒక్కరికి కూడా కాదు. ప్రకటనలో మాట మారినా, రెజ్యూమెలు వడపోసే వారి చెయ్యి మారలేదు.

పనిని చూసి మనిషిని అంచనా వేయడం ఇంత తేలికైన రంగం ఇంకొకటి లేదు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో, అంటే కోడ్ అందరికీ కనిపించేలా ఉంచిన ప్రాజెక్టులో, ఒకరు ఒక బగ్ (ప్రోగ్రాంలోని లోపం) సరిచేశారనుకుందాం. అది ఎప్పుడు వస్తోందో కనిపెట్టడం, మళ్లీ రాకుండా టెస్టు రాయడం, రివ్యూ చేసినవారు నాలుగు తప్పులు చూపిస్తే విసుక్కోకుండా దిద్దడం, అన్నీ తేదీలతో సహా అక్కడే ఉంటాయి. అరగంట చదివితే ఆ మనిషి పనితీరు తెలిసిపోతుంది. ఆ అరగంట కేటాయించమనే మేము అడుగుతున్నాం.

సొంతంగా నేర్చుకునేవారికీ ఒక మాట. పది వరుసల డేటాతో చకచకా నడిచిన ప్రోగ్రాం పది లక్షల వరుసలు రాగానే చతికిలపడుతుంది. డేటాను త్వరగా వెతికిపెట్టే ఇండెక్స్ అంటే ఏమిటో, అల్గారిథమ్ (ప్రోగ్రాం పని చేసే పద్ధతి) ఎందుకు నెమ్మదిస్తుందో తెలియకపోతే అక్కడ చేతులెత్తేయాల్సిందే. కాలేజీ నేర్పే ఈ పునాదిని దాటేయకండి. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం తన పాఠాలను ఉచితంగా అందరి ముందూ పెడతానని 2001లోనే ప్రకటించింది, పెట్టింది కూడా. మూడు నెలల్లో ఉద్యోగం గ్యారంటీ అంటూ అప్పు చేయించే కోర్సుల జోలికి మాత్రం వెళ్లొద్దు.

కంపెనీలు ముందు ఆ ఎర్ర నక్షత్రాన్ని తీసేయాలి. పరీక్ష కోసం పని చేయించుకుంటే దానికి డబ్బు ఇవ్వాలి. డిగ్రీ అక్కర్లేదని చెప్పుకునే ప్రతి సంస్థా, ఆ ఏడాది డిగ్రీ లేనివారిని ఎంతమందిని తీసుకుందో ఆ ప్రకటన పక్కనే అంకెతో సహా చెప్పాలని కోరుతున్నాం.