నీళ్ళు తేటగా ఉంటే లైన్ ఎందుకనే వాళ్ళకు

స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టయిన ఓపెన్ వాటర్ కోర్సు చేసి, అండమాన్‌లోనో కర్ణాటక తీరంలోని నేత్రాణి దీవి దగ్గరో కొన్ని డైవులు వేసొచ్చినవాళ్ళ మధ్య ఒక వాదన బాగా తిరుగుతోంది. తిరిగి బయటికి రావడానికి నీళ్ళలో వెంట పరుచుకుంటూ పోయే తాడు (గైడ్‌లైన్), దాన్ని చుట్టి ఉంచే రీల్ అనేవి నీటిగుహల పిచ్చి ఉన్న కొద్దిమందికే కావాలట. నీళ్ళు తేటగా ఉంటే వచ్చిన దారి కనబడుతూనే ఉంటుందట. పేరున్న గుహల్లో ఎలాగూ ఎవరో ముందే లైన్ వేసి ఉంచుతారట. అసలు మనిషిని చిక్కుల్లో పడేసేదే ఆ లైనట. అంతగా కావాలంటే వీడియో చూసి గంటలో నేర్చేసుకోవచ్చట.

ఇది ఉత్త కబుర్ల స్థాయిలో ఉంటే పట్టించుకోనక్కరలేదు. కానీ అమెరికాలో ఉంటున్న మనవాళ్ళకు ఫ్లోరిడా ఊటగుహలు, మెక్సికో సెనోటేలు (నీళ్ళు నిండిన సున్నపురాతి గుంటలు) సెలవుల్లో వెళ్ళొచ్చే దూరంలోనే ఉన్నాయి. ఈ మాట నమ్మి లోపలికి దిగితే ప్రాణం పోతుంది. అందుకే ఒక్కొక్కటిగా జవాబు చెబుతున్నాను.

తేటనీళ్ళ సంగతి ముందు. అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం అదే. ఫ్లోరిడా గుహల్లో మంచి రోజున ముప్ఫై మీటర్ల దాకా స్పష్టంగా కనబడే మాట నిజం. అయితే ఆ తేటదనం మీరు లోపలికి పోయేటప్పటిది. అడుగున ఏళ్ళ తరబడి పేరుకున్న మెత్తటి మట్టి ఉంటుంది. కాలికి తొడిగిన ఫిన్ ఒక్కసారి కిందికి కొట్టినా అది లేస్తుంది, కొన్ని సెకన్లలో మీ చెయ్యి మీకే కనబడదు. నేను ఫిన్ జాగ్రత్తగా ఆడిస్తానంటారా? ఊపిరైతే వదలాలి కదా. వదిలిన బుడగలు పైకప్పుకు తగిలి అక్కడ అంటుకున్న మట్టిని రాలుస్తాయి. అంటే మీరు ముందుకు సాగుతున్నంతసేపూ మీ వెనక, మీరు తిరిగి రావలసిన దారిలోనే, నీరు కలకబారుతూ ఉంటుంది. ముందుకు చూస్తూ ఈదేవాళ్ళకు ఈ సంగతి వెనక్కి తిరిగేదాకా తెలియదు. మునిగిన ఓడల లోపల మట్టికి తోడు తుప్పు రాలుతుంది. మెక్సికోలోని యుకటాన్ సెనోటేల్లో పైన మంచినీరు, కింద ఉప్పునీరు ఉంటాయి. ఆ రెండూ కలిసే పొరలో ఈదితే మట్టి లేవకుండానే చూపు మసకబారుతుంది. ఇవేవీ జరగకపోయినా, పోయేటప్పుడు చూసిన గోడ తిరిగొచ్చేటప్పుడు వేరేలా కనబడుతుంది. రెండు దారులు కలిసేచోట ఆ తేడా చాలు, తప్పుదారి పట్టడానికి.

అమెరికన్ గుహ డైవర్ షెక్ ఎక్స్‌లీ అప్పటిదాకా జరిగిన ప్రమాదాలను విడదీసి చూసి 1979లో మూడు ముఖ్య కారణాలు తేల్చాడు. బయటి నీళ్ళ దాకా ఎక్కడా తెగకుండా లైన్ లేకపోవడం, తిరుగు ప్రయాణానికి మూడింట రెండు వంతుల గాలి మిగల్చకపోవడం, మితిమీరిన లోతుకు పోవడం. మొదటి రెండూ ఒకదానికొకటి ముడిపడినవని నాకనిపిస్తుంది. లైన్ లేనివాడు ఎంత గాలి మిగుల్చుకున్నా దాన్ని దారి వెతుక్కోవడానికే ఖర్చుపెట్టేస్తాడు. చనిపోయినవాళ్ళలో ఓపెన్ వాటర్ ఇన్‌స్ట్రక్టర్లు కూడా ఉన్నారని ఫ్లోరిడా గుహల్లో పెట్టిన హెచ్చరిక బోర్డులే చెబుతాయి. సముద్రంలో ఎంత అనుభవం ఉన్నా, పైన కప్పు ఉన్నచోట అది సరిపోదు.

ముందే లైన్ వేసి ఉంటుందన్నది సగం నిజం. ఫ్లోరిడాలో చాలా గుహల్లో శాశ్వతమైన లైన్ వాకిట్లోనే మొదలవదు. శిక్షణ లేనివాళ్ళు దాన్ని పట్టుకుని లోపలికి పోకుండా కొంత దూరం లోపలే మొదలుపెడతారు. బయటి వెలుతురులో మొదటి ముడి వేసి, అక్కణ్ణుంచి ఆ లైన్ దాకా మీ సొంత రీల్‌తోనే కలపాలి. లోపల పక్కదారికి వేసిన లైన్ కూడా అసలు లైన్‌కు అంటుకుని ఉండదు, మధ్యలో ఖాళీ వదిలేస్తారు. దాన్ని స్పూల్‌తో (చేతిపిడి లేని చిన్న రీల్) కలపకుండా, అదుగో కనబడుతోంది కదా అని ఈదిపోయినవాళ్ళు తిరిగొచ్చేటప్పుడు మట్టి లేస్తే ఆ ఖాళీలోనే ఆగిపోతారు. ఇక లైన్ మీద ఉండే యారో (బాణం ఆకారపు బిళ్ళ) దగ్గరలోని బయటి దారిని చూపిస్తుందే గాని, మీరు వచ్చిన దారి అదేనా అన్నది చెప్పదు. అందుకే దారులు చీలే ప్రతిచోటా డైవర్లు తమ సొంత గుర్తు పెట్టుకుంటారు.

లైన్ ఉండటం వేరు, చేతిలో ఉండటం వేరు. 2018 జులైలో థాయ్‌లాండ్ థామ్ లువాంగ్ గుహలో వరదనీటి వల్ల చిక్కుకున్న పన్నెండు మంది పిల్లల్నీ వాళ్ళ కోచ్‌నూ బయటికి తెచ్చిన దారి పొడవునా లైన్ ఉంది. అయినా చివరి రోజున ఒక పిల్లవాణ్ణి తెస్తున్న బ్రిటిష్ డైవర్ క్రిస్ జ్యువెల్ చేతినుంచి అది జారిపోయింది. ఏమీ కనబడని నీళ్ళలో తడుముకుంటూ, చేతికి తగిలిన కరెంటు వైరును పట్టుకుని వెనకటి గది చేరాడు. అంతటివాడికే అలా అయింది.

చిక్కుపడటం మాటకొస్తే, వదులుగా వేసిన లైన్ నిజంగానే చిక్కుతుంది. ఫిన్ పట్టీకి, సిలిండర్ వాల్వుకు చుట్టుకుంటుంది. గాలిపటం ఎగరేసేటప్పుడు చరఖా పట్టుకున్నవాడు దారం వదులు చేస్తే ఏమవుతుందో తెలుసు కదా, ఇదీ అంతే. రీల్ పట్టుకున్నవాడు డ్రమ్ము మీద వేలు ఆనించి బిగువు చూసుకుంటూ పోవాలి, మిగతావాళ్ళు లైన్‌కు ఒక పక్కనే ఉండాలి, వేలాడే గేజ్‌లూ టార్చీలూ క్లిప్పులకు తగిలించుకోవాలి, లైన్ కోయడానికి కట్టర్ అందుబాటులో ఉండాలి. వదులు లైన్‌కు పరిష్కారం బిగువైన లైన్. లైన్ లేకపోవడం కాదు.

ఆ వాదన అసలు ఎత్తని ప్రమాదం ఒకటుంది. లైన్ బిగువుగానే ఉంటుంది, కానీ మలుపులో ముడి వెయ్యరు. అప్పుడది మూలకు లాక్కుపోయి, మనిషి పట్టని సందులోకి దూరుతుంది. వెలుతురున్నంతసేపూ ఎవరూ గమనించరు, పక్కనుంచి ఈదిపోతారు. మట్టి లేచాక లైన్‌ను చేత్తో పట్టుకుని వస్తుంటే చెయ్యి సందులోకి పోతుంది, ఒళ్ళు పోదు. అందుకే ముడి వేసిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న వేసుకోవాలి: కళ్ళు మూసుకుని ఈ లైన్ వెంట నా ఒళ్ళు పడుతుందా? పట్టదనిపిస్తే లైన్ విప్పి ఇంకోచోట వెయ్యాలి. లైన్ వెయ్యడంలో అసలు నేర్పు ఇదే.

గుహలకు పోనివాళ్ళకు రీల్ అక్కరలేదన్న మాట మీద ఎక్కువ చెప్పను. ప్రవాహం లాక్కుపోయే చోట పడవకు మీ జాడ తెలియాలంటే నీటి అడుగునుంచే ఉపరితలానికి బోయ (గాలి నింపిన తేలే గొట్టం) వదలాలి, దానికి స్పూల్ కావాలి. దాన్ని ఒంటికి తగిలించుకుని వదలకూడదు, లైన్ ఇరుక్కుంటే చెయ్యి వదిలెయ్యాలి. లేకపోతే అది మిమ్మల్ని పైకి ఈడ్చుకుపోతుంది. విశాఖ తీరంలోలాగా నీరు మసకగా ఉన్నచోట, లంగరు తాడుకు రీల్ కట్టుకుని పోతే తిరిగి అదే తాడు దగ్గరికి రావచ్చు.

చివరికి ఆ గంట సంగతి. డ్రమ్ము తిప్పడం గంట కూడా పట్టదు. కానీ లోపల ఒక చేతిలో రీల్, ఇంకో చేతిలో లైట్, తోడు డైవర్ మీద ఒక కన్ను, అడుగుకు తగలకుండా తేలుతూ ముడి వెయ్యాలి. ముడి వెయ్యడం మీద ధ్యాస పెట్టగానే కాళ్ళు కిందికి దిగి మట్టి లేస్తుంది. కొత్తవాళ్ళలో దాదాపు అందరికీ ఇదే జరుగుతుంది. అందుకే మంచి ఇన్‌స్ట్రక్టర్లు ముందు నేల మీద చెట్ల మధ్య లైన్ వేయిస్తారు, తర్వాత కళ్ళు మూయించి దాని వెంట నడిపిస్తారు. ఆ తర్వాత నీళ్ళలో లైన్ చెయ్యిజారినప్పుడు చేసే అభ్యాసం. కదలకుండా ఆగాలి. దొరికిన రాయికి స్పూల్ కట్టాలి. లైన్ ఉండొచ్చనిపించే వైపు చెయ్యి ముందుకు చాచి మెల్లగా వెళ్ళాలి, దొరక్కపోతే స్పూల్ చుట్టుకుంటూ రాయి దగ్గరికే వచ్చి మరో వైపు వెళ్ళాలి. లైన్ దొరికాక స్పూల్‌ను దానికి కట్టి, యారోను వేళ్ళతో తడిమి, బయటి వైపు ఏదో తేల్చుకున్నాకే కదలాలి. కళ్ళకు గంతలు కట్టుకుని, తొందరపడకుండా, ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండగా ఇది ప్రతిసారీ చెయ్యగలిగేదాకా కప్పు కిందికి దిగకండి.