మ్యూనిక్ ఆవు

ఆవు వ్యాసం ఒక్కటే బట్టీపట్టి పరీక్షకు వెళ్లిన కుర్రాడి సంగతి మనకు తెలిసిందే. కొబ్బరిచెట్టు గురించి రాయమంటే, ఆవును తెచ్చి చెట్టుకు కట్టేసి, ఆవు సాధుజంతువు అని మొదలుపెట్టాడు. వాణ్ణి చూసి నవ్వడం మన అజ్ఞానం. దేశాధినేత కావడానికి ఉండాల్సిన లక్షణాలన్నీ వాడిలో ఉన్నాయి.

దేశాధినేతల ఆవు పేరు మ్యూనిక్. పుట్టింది 1938 సెప్టెంబరు చివర్లో, జర్మనీలోని ఆ పేరుగల ఊళ్లో. చెకొస్లొవేకియాలోని సరిహద్దు ప్రాంతం సుడేటన్‌ల్యాండ్‌ను బ్రిటన్ ప్రధాని ఛాంబర్లేన్, ఫ్రాన్సు ప్రధాని దలాదియే కలిసి హిట్లర్‌కు ధారపోశారు. పిల్ల తండ్రిని మాత్రం పీటల దగ్గరికి రానివ్వలేదు; చెక్ ప్రతినిధులు బయటే కూర్చున్నారు. ఆరు నెలలు తిరక్కుండానే హిట్లర్ ప్రాగ్‌లో ఉన్నాడు. దౌర్జన్యానికి లొంగితే ఇంకా మీదికొస్తుందన్నది నికార్సయిన పాఠమే, కాదనను. కాకపోతే ఆ తర్వాత ప్రపంచంలో మరో పాఠ్యపుస్తకం అచ్చయినట్టు లేదు.

1956లో ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేశాడు. ప్రశ్న కాలువ గురించి. బ్రిటన్ ప్రధాని ఈడెన్ ఆవును తోలుకొచ్చి గట్టున కట్టేశాడు. నాసర్‌లో ఆయనకు ముస్సోలినీ కనిపించాడు. పాపం, తప్పుపట్టలేం. అసలు ముస్సోలినీతో బేరాలు నచ్చకే 1938 ఫిబ్రవరిలో విదేశాంగ మంత్రి పదవి వదులుకున్న మనిషి; ఆవు ఆయన సొంతది. సైన్యం దిగింది, అమెరికా కళ్లెర్రజేసింది, పౌండు జారింది. 1957 జనవరిలో ఈడెన్ ఇంటికెళ్లాడు. కాలువ నాసర్ దగ్గరే ఉండిపోయింది.

1965 జులైలో వియత్నాంకు మరింత సైన్యాన్ని పంపుతూ అమెరికా అధ్యక్షుడు జాన్సన్ కూడా మ్యూనిక్‌నే తలుచుకున్నాడు. ఈసారి ఆవును వరిచేలో కట్టేశారు. 58 వేల మందికి పైగా అమెరికన్ సైనికులు పోయారు, వియత్నామీయులు లక్షల్లో.

దాంతో యుద్ధం వద్దనేవాళ్లకూ ఒక ఆవు దొరికింది. దాని పేరు వియత్నాం. 1991లో ఇరాక్ ఆక్రమించిన కువైట్ కోసం యుద్ధమనగానే, ఇది మరో వియత్నాం అన్నారు. నేల మీద పోరు వంద గంటల్లో ముగిసింది. ఆవుకేం కాలేదు, ఇప్పటికీ పాలిస్తోంది.

సిలబస్ దాటి చదివినవాడు ఒకడున్నాడు. 1962లో క్యూబాలో రష్యా పెట్టిన క్షిపణుల గొడవలో, బాంబులెయ్యకుండా ఓడలతో అడ్డుకోవడమంటే మ్యూనిక్ అంత పాపమని అమెరికా వైమానిక దళాధిపతి లెమే ముఖం మీదే అన్నాడు. వింటున్నది అధ్యక్షుడు కెనెడీ, మ్యూనిక్ నాటికి ఆయన తండ్రే లండన్‌లో అమెరికా రాయబారి. అయినా కెనెడీ మనసులో 1914 మెదులుతోంది, ఒకరి మీదొకరు పడి దేశాలన్నీ మొదటి ప్రపంచయుద్ధమనే గోతిలో దిగిన ఏడాది. ఓడలతోనే అడ్డుకున్నాడు. టర్కీలోని తమ క్షిపణుల్ని తీసేస్తామని రష్యాకు మాటిచ్చాడు, అదీ రహస్యంగా. బయటపడితే సాధుజంతువు కుమ్మేస్తుంది మరి.

2008 మేలో అమెరికా అధ్యక్షుడు బుష్ ఇజ్రాయెల్ పార్లమెంటులో మళ్లీ ఆవును విప్పాడు. ఆ వెంటనే అమెరికాలో ఒక టీవీ చర్చలో, ఛాంబర్లేన్ లొంగిపోయాడని ఒక రేడియో వ్యాఖ్యాత గొంతు చించుకున్నాడు. ఇంతకీ 1938లో ఛాంబర్లేన్ ఏం చేశాడని యాంకర్ అడిగాడు. మళ్లీ అడిగాడు. ఎన్నిసార్లడిగినా, లొంగిపోయాడన్న మాటే తప్ప జవాబు రాలేదు. మనవాళ్లు దానికీ నవ్వారట. ఆవు వ్యాసం రాసేవాడు ఆవును చూసి ఉండాలని ఏ బోర్డు నిబంధనల్లో ఉంది?