సవరణ: మోరిస్ బంగళా బొమ్మల రంగుల గురించి

ఇంగ్లండ్ జమీందారీ బంగళాల పాత ప్రింట్ల మీద రాసిన పోస్టులో "ఈ రంగులన్నీ చేత్తో వేసినవే" అని ఉంది. ఆ మాట చిత్రకారుడు జాన్ ప్రెస్టన్ నీల్ గీసిన బంగళాల బొమ్మలకు సరిపోతుంది. 1818 నుంచి వచ్చిన ఆ ప్రింట్లు నలుపు తెలుపువి. ఇప్పుడు రంగుల్లో దొరికే వాటికి చాలావరకు తర్వాత ఎవరో వాటర్ కలర్ పూశారు.

ఫ్రాన్సిస్ ఆర్పెన్ మోరిస్ సంపాదకత్వంలో 1860ల నుంచి వచ్చిన బంగళాల బొమ్మలు మాత్రం వేరు. వాటి రంగులు అచ్చులోనే పడ్డాయి. ఎ. ఎఫ్. లైడన్ గీసిన బొమ్మలను యార్క్‌షైర్‌లోని డ్రిఫీల్డ్ అనే చిన్న ఊళ్లో బెంజమిన్ ఫాసెట్ చెక్క దిమ్మెలపై చెక్కి, ఒక్కో రంగుకు ఒక్కో దిమ్మె వాడి అచ్చు వేశాడు. దిమ్మె వెంట్రుకవాసి జరిగినా బొమ్మ పాడే. అంత ఓపిక పెట్టిన మనిషి పనిని "పూత" అనేయడం అన్యాయం.

భూతద్దం పెట్టి చెట్ల ఆకుల దగ్గర చూడండి. చేత్తో పూసిన రంగు గీత దాటి పారుతుంది. ఫాసెట్ బొమ్మలో పచ్చదనం కూడా సన్నటి చెక్కుడు గీతలుగానే కనిపిస్తుంది. ఫాసెట్ బొమ్మలు కొనేవాళ్లు "హ్యాండ్ కలర్డ్" (చేత్తో రంగు వేసినది) అన్న లేబుల్ చూసి ఎక్కువ ధర పెట్టొద్దు.