ఏడో డిలాన్

జీవిత చరిత్ర సినిమా అంటే మా మావయ్యకి ఒక లెక్క ఉంది. హీరో పూరింట్లో పుట్టాలి. వీధి దీపం కింద చదవాలి. ఇంటర్వెల్ ముందు ఎవడో ఒకడు అవమానించాలి. ఆఖర్న మెళ్ళో దండ పడాలి. హైస్కూలు హెడ్మాస్టరుగా ఆయన రిటైరయ్యాడు గానీ ఆయన రూళ్ళ పుస్తకం రిటైరు కాలేదు. సినిమా చూసినా పక్కన పెట్టుకుని పాయింట్లు రాసుకుంటాడు.

ఆయన రెండో కొడుకు, అంటే మా బావమరిది చిన్నోడు, బీటెక్ పూర్తి చేసి గిటార్ పట్టుకున్నాడు. ఉద్యోగం మాటెత్తితే చాలు, తలొంచుకుని తీగలు సవరించుకుంటాడు. "పాటలు కట్టుకుంటూ కూచుంటే తిండెవడు పెడతాడ్రా?" అని మావయ్య ఓ రోజు నిలదీశాడు. "అమెరికాలో పాటలు కట్టుకునే బాబ్ డిలాన్‌కి నోబెల్ ఇచ్చారు నాన్నా. సాహిత్యానికి," అన్నాడు వాడు.

మావయ్యకి నోబెల్ అన్న మాట దగ్గర బ్రేకు పడింది. 2016లో పేపర్లో చదివిన గుర్తు కూడా ఉంది. "అయితే ఆయన మీద సినిమా తీసే ఉంటారు. పెట్టు. ఎంత క్రమశిక్షణ ఉంటే అంతటివాడయ్యాడో నువ్వే చూద్దువు గాని," అన్నాడు.

బాబ్ డిలాన్ మీద 2024లో తిమోతీ షాలమే వేసిన సినిమా ఒకటుంది. కుర్రాడు న్యూయార్కు రావడం, పాడటం, పేరు రావడం, అన్నీ వరసలో ఉంటాయి. మావయ్య పుస్తకానికి అచ్చంగా సరిపోయేది. చిన్నోడు అది పెట్టలేదు. టాడ్ హేన్స్ 2007లో తీసిన 'అయామ్ నాట్ దేర్' పెన్‌డ్రైవ్‌లో వేసుకొచ్చి టీవీకి గుచ్చాడు. తండ్రి మీద కసి తీర్చుకోవడానికి ఇంతకన్నా మర్యాదైన మార్గం నేనెక్కడా చూడలేదు.

ఎందుకంటే ఆ సినిమాలో డిలాన్ వేషం ఆరుగురు వేశారు. అందులో ఒకడు పదకొండేళ్ళ నల్లజాతి పిల్లాడు, ఒకరు ఆడమనిషి. ఒక్కొక్కరికీ ఒక్కో పేరు. బాబ్ డిలాన్ అన్న పేరు మొదట్లో అక్షరాల్లో పడటమే తప్ప, ఒక్క పాత్ర నోటా వినపడదు.

మే నెల, మా తెనాలి. అత్తయ్యా పిన్నీ ఆవకాయకి వెల్లుల్లి వొలుస్తూ టీవీ ముందే చేటలు పెట్టుకుని కూచున్నారు. పిన్ని గోటితో రెబ్బ మొదలు గిల్లి బొటనవేలితో నొక్కుతుంటే పాలతెలుపు రెబ్బలు చేటలో పడుతున్నాయి. పొట్టు ఫ్యాను గాలికి లేచి తాతయ్య కళ్ళజోడు మీద వాలుతోంది. పడక్కుర్చీలో ఉన్న తాతయ్య దాన్ని తుడుచుకోడు, ఊదుకుంటాడు.

మావయ్య పుస్తకం తెరిచి 'బాల్యం' అని రాసి కింద గీత కొట్టాడు. తెర మీద మోటార్ సైకిల్ మోత వినపడింది, ఆ వెంటనే బల్ల మీద శవం.

"పుట్టకముందే పోయాడేవిట్రా?" అంది అత్తయ్య.

"చూడమ్మా," అన్నాడు చిన్నోడు.

తర్వాత గిటార్ పెట్టెతో గూడ్సు బండెక్కిన పిల్లాడొచ్చాడు. పేరు వుడీ గత్రీ అని చెప్పుకుంటాడు. అది డిలాన్ గురువుగా కొలిచిన పాటగాడి పేరు. కథ జరిగేది 1959లో, వాడు పాడేవి పాతికేళ్ళ కిందటి కష్టాలు. అన్నం పెట్టిన ఇల్లాలు "నీ కాలం పాట పాడుకో నాయనా" అన్నట్టు మందలిస్తుంది. నాకు సినిమాలో బాగా నచ్చిన ముక్కల్లో అదొకటి. మావయ్య కూడా "శభాష్" అని రాసుకున్నాడు. ఈలోగా పిల్లాడు రైల్లోంచి నదిలో పడ్డాడు. నీళ్ళలో తిమింగలం కనపడింది.

"నదిలో తిమింగలమేవిట్రా?" మావయ్యలోని సైన్సు మేష్టారు లేచాడు.

చిన్నోడు సమాధానం చెప్పేలోగా పిల్లాడు పోయి ఇంకో మనిషి వచ్చాడు. "రిమోట్ మీద ఎవరు కూచున్నారు?" అంది అత్తయ్య. దిండ్లెత్తారు, చేటలెత్తారు, నన్ను లేపి కింద చూశారు. రిమోట్ బుద్ధిగా టీవీ బల్ల మీదే ఉంది. అయినా ముందుజాగ్రత్తకని అత్తయ్య దాన్ని తెచ్చి తన చేట పక్కన పెట్టుకుంది. జరిగిన గొడవకి మూలం ఆ ముందుజాగ్రత్తే.

ఆ వచ్చినవాడు బెన్ విషా. ఎవరో పెద్దమనుషులు ప్రశ్నలడుగుతుంటే సిగరెట్ కాలుస్తూ వంకరగా జవాబులు చెప్పడమే అతని పని. మావయ్య ముఖం వికసించింది. "చూశావా, ఇంటర్వ్యూలో ఇలా అడిగినదొకటి చెప్పేదొకటి అయితే ఉద్యోగం ఇవ్వరు" అన్నాడు చిన్నోడి వైపు తిరిగి. సినిమా మొత్తానికి ఆయనకి అక్కరకొచ్చిన నీతి అదొక్కటే.

పిన్నీ అత్తయ్యా మాత్రం హీత్ లెడ్జర్ కథని గట్టిగా పట్టుకున్నారు. పెళ్ళాం పిల్లలున్న సినిమా నటుడు, ఇంటిపట్టున ఉండడు, చివరికి విడాకులు. "ఆ పిల్ల మంచిది, వీడే తిన్నగా లేడు" అని తేల్చేశారు. చిక్కల్లా ఎక్కడంటే, అతను సినిమాలో వేసే వేషం జాక్ రోలిన్స్ అనే జానపద గాయకుడిది. ఆ జాక్ రోలిన్స్‌గా వేసింది క్రిస్టియన్ బేల్. అంటే ఒక డిలాన్ ఇంకో డిలాన్ వేషం వేసి డబ్బు సంపాదిస్తుంటాడు. "మరుసటి ఏడు బ్యాట్‌మాన్, జోకర్ అయి కొట్టుకున్నది ఈ ఇద్దరే నాన్నా" అని చిన్నోడు అదనపు సమాచారం ఇచ్చాడు. మావయ్య పెన్నుకి క్యాప్ పెట్టేశాడు.

"అసలు డిలాన్ ఎవడ్రా వీళ్ళలో?"

"అందరూనూ."

"అలా ఎలా కుదురుతుంది? మన రామారావు గారు దానవీరశూరకర్ణలో కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడూ ఆయనే వేశాడు. నాగేశ్వర్రావు నవరాత్రిలో తొమ్మిది వేశాడు. అదీ పద్ధతి! ఒకడు పదిమందిని వెయ్యాలి గానీ ఒకణ్ణి పదిమంది పంచుకోవడమేవిట్రా?"

ఇంతసేపూ ఉలుకూ పలుకూ లేని తాతయ్య పడక్కుర్చీలోంచి అన్నాడు: "ఇందులో అర్థం కాకపోవడానికి ఏవుందిరా? కాంట్రాక్టు నాటకం ఇది."

ఈతరం వాళ్ళకి చెప్పాలి కాబట్టి చెబుతున్నా. మా వైపు కాంట్రాక్టు పద్యనాటకాల వాల్‌పోస్టర్ల మీద ఒకటో కృష్ణుడు ఫలానా, రెండో కృష్ణుడు ఫలానా అని వేసేవాళ్ళు. పడక సీనుకి ఒకరు, రాయబారం సీనుకి ఇంకొకరు. హరిశ్చంద్ర నాటకమైతే కాటి సీనుకి వేరే హరిశ్చంద్రుడు దిగాల్సిందే. తెల్లవార్లూ ఒకే గొంతు లాగలేదన్నది ఒక కారణం. పీసపాటి వారి కృష్ణుడి కోసం వచ్చినవాళ్ళు, షణ్ముఖి వారి కృష్ణుడి కోసం వచ్చినవాళ్ళు, డి.వి. సుబ్బారావు కాటి సీను కోసమే అర్ధరాత్రి దాకా కునికిపాట్లు పడ్డవాళ్ళు, అందరి టికెట్టు డబ్బులూ గిట్టాలన్నది అసలు కారణం. సగం నాటకంలో కృష్ణుడు పొట్టివాడై లోపలికెళ్ళి పొడుగువాడై తిరిగొచ్చినా, మీసాలున్న జనంలో ఒక్కడూ "ఇదేం అన్యాయం" అన్లేదు. టాడ్ హేన్స్ వెనిస్ చిత్రోత్సవం దాకా వెళ్ళి జ్యూరీ ప్రత్యేక బహుమతి తెచ్చుకున్న ఉపాయం మా సంతబజార్ల వాళ్ళకి టికెట్టు కొనేటప్పటికే తెలుసన్నమాట. హేన్స్ సినిమాలో ఇంకా బోలెడు గొప్పలున్నాయి, కాదన్ను. ఈ ఒక్క విషయంలో మాత్రం మా తాతయ్యకి ఆశ్చర్యపడే అవకాశం లేకుండా పోయింది.

కేట్ బ్లాంచెట్ వచ్చినప్పుడు ఇంకా తమాషా. చెదిరిన జుట్టు, నల్లకళ్ళజోడు, పుల్లలాంటి చేతులు, నోట్లో సిగరెట్. 1965, 66 ల నాటి డిలాన్. నలుపు తెలుపులో తీశారు. ఆ వేషానికే ఆవిడకి వెనిస్‌లో ఉత్తమ నటి బహుమతి వచ్చింది. ఆడమనిషని చిన్నోడు చెప్పేదాకా మావయ్య పోల్చుకోలేదు, చెప్పాక నమ్మలేదు. తాతయ్య మాత్రం కుర్చీలో ముందుకి వంగాడు. "స్థానం నరసింహారావు గారు మన తెనాలి స్టేజీ మీద సత్యభామ వేస్తే ఆడవాళ్ళు చీరకట్టు నేర్చుకున్నారుట. ఈవిడ దానికి బాకీ తీరుస్తోంది" అన్నాడు.

న్యూపోర్ట్ జానపద ఉత్సవాన్ని తలపించే సీనులో ఆ బ్లాంచెట్టూ ఆవిడ బృందమూ వేదికెక్కి, జనం వైపు తిరిగి మెషిన్‌గన్లతో టపటపా కాల్చేశారు. అత్తయ్య చేతిలో వెల్లుల్లి జారింది. 1965 జులైలో డిలాన్ ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకుని వేదికెక్కితే జానపద అభిమానులకి గుండెలో గుండు దిగినట్టయిందనీ, దర్శకుడు దాన్నే అలా చూపించాడనీ చిన్నోడు వివరించాడు.

"మాక్కూడా అయింది," అన్నాడు తాతయ్య. "హార్మణీ తీసేసి కీబోర్డు పెట్టిన నాడు."

తాతా మనవళ్ళిద్దరూ ఇలా ఒక పార్టీ అయిపోవడం మావయ్యకి నచ్చలేదు. "సరేలే, నోబెల్ సీను ఎప్పుడొస్తుంది?" అన్నాడు.

"రాదు నాన్నా. సినిమా తీసింది 2007లో. ప్రైజు వచ్చింది తొమ్మిదేళ్ళ తర్వాత. అప్పుడు కూడా ఆయన సభకి వెళ్ళలేదు."

మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. సన్మానానికి వెళ్ళని మనిషిని ఆయన జన్మలో చూసి ఉండడు. ఆ మౌనంలో చిన్నోడికి ఫోనొచ్చింది. డాబా మీదికి వెళ్ళిపోయాడు.

అప్పటికి తెర మీద రిచర్డ్ గేర్ వంతు. బిల్లీ అనే పేరుతో, ఊరికి దూరంగా దాక్కుని గుర్రం మీద తిరుగుతుంటాడు. అతను దిగిన ఊళ్ళో జనం ముఖాలకి రంగులు పూసుకుని ఉంటారు. వీధిలో జిరాఫీ నడుస్తుంది. ఎందుకని అడిగే ఓపిక మా ఇంట్లో ఎవరికీ మిగల్లేదు. సరిగ్గా అప్పుడే పిన్ని నిండిన చేటని పక్కకి జరిపింది.

జిరాఫీ మాయమై, తల్పం మీద కిరీటంతో ఒకాయన పడుకుని కనిపించాడు. నీలి రంగు ముఖం. తలాపున ఒకరు, కాళ్ళ దగ్గర ఒకరు. హార్మోనియం అందుకుంది.

"హమ్మయ్య, తెలుగులో వస్తోంది," అంది అత్తయ్య.

"డబ్బింగ్ ఉందన్నమాట. ఈ మాట ముందే చెప్తే వాడి సొమ్మేం పోయింది?" అన్నాడు మావయ్య, పెన్ను క్యాప్ తీస్తూ.

నేను నోరు తెరవబోయాను. తాతయ్య నా మోచెయ్యి పట్టుకుని నొక్కాడు. ఏదో భక్తి చానెల్లో రాయబారం నాటకం, పడక సీను. తాతయ్య కళ్ళు మూసుకుని, వేళ్ళతో కుర్చీ చేతి మీద తాళం వేస్తున్నాడు. అంత సుఖంలో ఉన్న మనిషిని కదపడానికి నాకు మనసొప్పలేదు.

ఆ కాసేపూ మావయ్య రాసుకున్న నోట్సు తర్వాత నేను చూశాను: 'ఏడో డిలాన్. భారతీయ సంస్కృతి వైపు మొగ్గు. ఉచ్చారణ స్పష్టం. మొదటి ఆరుగురి కన్నా గాత్రం మెరుగు.' అత్తయ్య అయితే "అటు ఇటు తిరిగినా ఆఖరికి దేవుడి దారిలో పడ్డాడు పాపం" అని కళ్ళొత్తుకుంది. అంతకు ముందే క్రిస్టియన్ బేల్ పాస్టర్ అయి చర్చిలో పాడటం చూసింది కాబట్టి ఆవిడ ఊహ అంత కొట్టిపారెయ్యాల్సింది కూడా కాదు.

కృష్ణుడు రాగం తీసి వదలగానే తాతయ్య "వన్స్ మోర్!" అని కేక పెట్టాడు. ఆ కేకకి చిన్నోడు డాబా మెట్లు దిగొచ్చి టీవీ వంక చూసి నిలబడిపోయాడు.

"ఇదేవిటి?"

"ఏడో ఆయనరా," అంది అత్తయ్య. "ఈయన బాగా చేస్తున్నాడు."

వాడు చేట కింద నుంచి రిమోట్ లాగాడు. "ఇది నాటకం అమ్మా! చానెల్ మారింది!" మావయ్య పుస్తకం మూసేశాడు. తాతయ్య "వాణ్ణి పాడనివ్వండ్రా" అని మొత్తుకుంటున్నా వినకుండా చిన్నోడు పెన్‌డ్రైవ్‌కి మార్చాడు. మా టీవీకి ఎక్కడ ఆపామో గుర్తుండదు. మోటార్ సైకిల్ మోత వినపడింది, బల్ల మీద శవం.

"మళ్ళీ పోయాడు," అంది అత్తయ్య.

చిన్నోడు కంగారుగా ముందుకి పరిగెత్తించాడు. పిల్లాడు, తిమింగలం, మెషిన్‌గన్లు, విడాకులు, జిరాఫీ అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ పోయాయి. వాడు ఆపేసరికి సినిమా ఆఖరికొచ్చేసింది. తెరంతా ఒకటే ముఖం. పాత ఫిల్ము. ఉంగరాల జుట్టు కుర్రాడొకడు మౌతార్గాన్ ఊదుతున్నాడు. ఊదుతూనే ఉన్నాడు. హేన్స్ ఆ సినిమాలో అసలు డిలాన్‌ని పాటతో చూపించింది అక్కడే, చిట్టచివర్న.

పిన్ని వొలవడం ఆపి చూసింది. "ఈ పిల్లాడెవరే అక్కా? ఒక్క పోలికా లేదు."

"అస్సలు నప్పలేదు," అంది అత్తయ్య. "ఆ ఆడమనిషే నయం."

"అమ్మా, ఈయనే డిలాన్," అన్నాడు చిన్నోడు. "నిజం డిలాన్. అసలాయన!"

"ఊరుకోరా. ఇంతమందిని చూశాం, డిలాన్ ఎలా ఉంటాడో మాకు తెలీదూ?"