మిద్దె మీద చైన్ కవర్

సొంతంగా గొట్టాలు కోసి, బ్రేజింగుతో అతికించి సైకిలు ఫ్రేము నిలబెట్టినవాణ్ణి తిరుపతిలో పట్టుకోలేం. లీలామహల్ సెంటర్లో బండి ఆపితే చాలు, నలుగురు మూగుతారు. ఆ నలుగురిలో ఒక పెద్దాయన కచ్చితంగా ఉంటాడు. బండి చుట్టూ గుడి తిరిగినట్టు ఒక చుట్టు తిరిగి, "అంతా బాగుండాది గానీ సామీ, చైన్‌కి కవరేది? పంచె కట్టినోడు ఎట్ల తొక్కాల?" అని ఒక్క మాట అనేసి టీకి పోతాడు. మనవాడికి ఆ రాత్రి నిద్ర ఉండదు.

అంగట్లో దొరికే రేకు కవర్లు కంపెనీ సైకిళ్ల కొలతకు వస్తాయి. చేత్తో కట్టిన ఫ్రేముకు ఒక్కటీ పట్టదు. "ఫైబర్‌తో చేసుకుంటే పోలా?" అనుకుంటాడు. తప్పేం కాదు. ఫోర్కు, హ్యాండిలు లాంటి బరువు మోసే సామాన్లు ఇంట్లో మ్యాట్‌తో, అంటే గాజుపోగుల చాపతో, చేసుకోవడం పళ్లు రాలగొట్టుకోవడానికి దగ్గరి దారి గానీ, చైన్ కవర్, మడ్‌గార్డు, చిన్న పెట్టె లాంటివి నిక్షేపంగా చేసుకోవచ్చు. కొలతలూ బాగానే తీస్తాడు. 44 పళ్ల చైన్‌వీలు అడ్డకొలత 178 మిల్లీమీటర్లు, చైన్ ఎత్తు కలిపితే 187, చుట్టూ పదేసి వదిలితే 207, సరే 210. ఇదంతా పక్కనుంచి చూసి వేసిన లెక్క. పైనుంచి తొంగిచూసి, చైన్‌వీలుకీ పెడల్ క్రాంకుకీ (అదే, పెడల్ బిగించే కడ్డీ) నడుమ ఎంత సందుందో మాత్రం కొలవడు.

ముందు ప్యాట్రన్ కావాలి. అంటే కవర్ ఎట్లా ఉండాలో ఆ ఆకారపు దిమ్మె. దానిమీద మౌల్డు, అంటే అచ్చు, తీసి, ఆ మౌల్డులో అసలు సరుకు తీయాలి. ఫ్రిజ్‌తోపాటు వచ్చిన థర్మోకోల్ అటక మీద ఉండనే ఉంది. హాక్సా బ్లేడుతో చెక్కి, ఎమిరీ కాగితంతో రుద్ది, రెండు రోజుల్లో ముద్దొచ్చే ఆకారం తెస్తాడు. మూడో రోజు దానిమీద పాలిస్టర్ రెజిన్, అదే మ్యాట్‌ను తడిపి గట్టిపడే జిగట ద్రవం, పూస్తాడు. పూసిన చోటల్లా థర్మోకోల్ అణిగిపోయి గుంటలు పడుతుంది. పావుగంటలో రెండు రోజుల శిల్పం, ఎవరో నాకేసిన ఐస్‌క్రీం. రెజిన్‌ను పల్చగా ఉంచేది స్టైరీన్. థర్మోకోల్ అంటే గాలి ఊదిన పాలీస్టైరీన్. మేనమామ ఇంటికొచ్చిన మేనల్లుడిలా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, విడదీయడం మన తరం కాదు. థర్మోకోలే కావాలంటే పైన ప్యాకింగు టేపు సందు లేకుండా చుట్టాలి, లేదా ఎపాక్సీ అనే ఇంకో రకం రెజిన్ వాడాలి. ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు, ధర మాత్రం ఉంటుంది. పల్చటి ప్లాస్టిక్ టీ గ్లాసుల్లో చాలావాటిదీ ఇదే వంశం. వాటిలో రెజిన్ పోస్తే అడుగు ఊడి కాళ్లమీదికి వస్తుంది.

రెండోసారి బుద్ధిగా ప్లైవుడ్ కోసి, లారీ బాడీలకు పెట్టే పుట్టీ పెట్టి, 220 నుంచి 1000 దాకా వాటర్ పేపర్ పట్టి, పెయింటు కొట్టి అద్దంలా చేస్తాడు. రెజిన్ అంటుకోకుండా దానికి మైనం పూయాలి. కొత్త ప్యాట్రన్‌కు ఐదారు పూతలు, పూతపూతకూ ఆరనిచ్చి గుడ్డతో మెరుగు పెట్టాలి. మనవాడు రెండు పూస్తాడు. మైనం పైన పీవీఏ కూడా పూయాలని ఎవరో చెబుతారు. అంగడికి పోయి పీవీఏ అడిగితే వడ్రంగులు వాడే తెల్లజిగురు డబ్బా చేతిలో పెడతారు. అంగడాయన తప్పేం లేదు, దాని పేరూ పీవీఏనే. జిగురేమో పాలీవినైల్ ఎసిటేట్. మనక్కావలసింది పాలీవినైల్ ఆల్కహాల్, పల్చటి పొరలా ఆరి మళ్లీ నీళ్లలో కరిగేది. ఒకటి అతికించడానికి పుట్టింది, ఇంకొకటి విడిపించడానికి. ఇంటిపేరు ఒకటే గదా అని వియ్యమందితే ఏమవుతుందో అదే అవుతుంది.

చాలదన్నట్టు, అందానికని కవర్ అంచును లోపలికి మడిచి ఉంటాడు. నోరు చిన్నదీ పొట్ట పెద్దదీ అయిన కుండలోంచి గుమ్మడికాయ తీయడం ఎట్లాగో, ఆ మౌల్డులోంచి సరుకు తీయడం అట్లాగే. గోడలు బయటికి రెండు మూడు డిగ్రీలు వాలి ఉండాలి. మడత తప్పదంటే మౌల్డును రెండు ముక్కలుగా తీసి బోల్టులతో బిగించుకోవాలి. మూలలు కత్తిలా ఉన్నా కుదరదు. ఐదారు మిల్లీమీటర్ల గుండ్రం లేకపోతే గాజు మ్యాట్ వంగదు, అణిచి పెట్టినా లేచి కూర్చుంటుంది, కింద గాలి చేరుతుంది. ఈ పాఠాలన్నీ ఒక సుత్తి, ఒక ఉలి, రెండు మౌల్డుల ఖర్చుతో వస్తాయి.

ఇక రెజిన్ కలపడం. మొత్తం కవర్ విప్పి పరిస్తే సుమారు 0.15 చదరపు మీటరు. చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే మ్యాట్ రెండు పొరలంటే 135 గ్రాములు. మ్యాట్ తన బరువుకు రెండుంపావు రెట్లు రెజిన్ తాగుతుంది, అంటే 300 గ్రాములు. గట్టిపడ్డాక పొరకు దాదాపు ఒక మిల్లీమీటరు మందం. ముందు కోబాల్ట్, అదే గట్టిపడడాన్ని తొందరపెట్టే ఊదారంగు ద్రవం, రెజిన్‌లో బాగా కలిసిపోవాలి. ఆ తర్వాతే క్యాటలిస్టు, అంటే రెజిన్‌ను గట్టిపరిచే మందు. ఈ రెండింటినీ ఒకదాంట్లో ఒకటి నేరుగా పోస్తే మంట లేస్తుంది, పేలుతుంది. ఇక్కడ నవ్వులాట లేదు. క్యాటలిస్టు చూడ్డానికి అచ్చం మంచినీళ్లలా ఉంటుంది. కంట్లో పడితే చూపు పోతుంది. కళ్లద్దాలు పెట్టుకోవాలి, దాన్ని నీళ్ల సీసాలో పోసి పెట్టకూడదు, స్టీలు గ్లాసులో కొలవకూడదు. వంద గ్రాముల రెజిన్‌కు సిరంజితో ఒక మిల్లీలీటరు చాలు. అదీ ఒక్కసారికి వంద గ్రాములే, అదీ సుప్రభాతం వినిపించే వేళ.

మనవాడు మే నెల మధ్యాహ్నం రెండుకి మిద్దె ఎక్కుతాడు. స్నానాల గదిలోని ప్లాస్టిక్ మగ్గులో 300 గ్రాములూ ఒక్కసారే పోస్తాడు. పులుసులో ఇంగువ వేసినట్టు క్యాటలిస్టు సీసా మూతతో ఒకటి, "చాల్లేదేమో" అని ఇంకొకటి వేస్తాడు. కొండమీద కంపార్టుమెంట్లో పది గంటలైనా ఓపిగ్గా కూర్చుంటాం గానీ, ఆ ఎండకు ఆ మందు మూడు నిమిషాలు ఆగదు. ముందు తేనెలా ఉన్నది సంగటిలా అవుతుంది. కెలికే పుల్ల నిలబడిపోతుంది. మగ్గు చెయ్యి కాలుస్తుంది. గట్టిపడేటప్పుడు రెజిన్ వేడి పుట్టిస్తుంది, లోతైన పాత్రలో ఆ వేడి బయటికి పోలేక ఇంకా త్వరగా గట్టిపడుతుంది, దాంతో ఇంకా వేడి. వెడల్పాటి ట్రేలో పరిచి ఉంటే ఈ రభస ఉండదు. మగ్గులోంచి తెల్లటి పొగ లేస్తుంది.

కింది నుంచి గొంతు: "అబ్బోడా, ఏందిరా ఆ కంపు? ఏమన్నా కాల్తా ఉండాదా?"

"ఏం లేదు మా, మందు కలిపినా."

"ఏం మందురా అది? మిద్దె మీద నా వడియాలు ఉండాయి!"

వడియాల సంగతి మనవాడికి అప్పుడే తెలుస్తుంది. పాతచీర మీద, గాలివాలుకు సరిగ్గా పది అడుగుల దూరంలో, సగ్గుబియ్యం వడియాలు.

మర్నాడు తెల్లవారుజామున ఈసారి కొలతలతో మొదలుపెడతాడు. జెల్‌కోటు, అంటే బయటికి కనబడే రంగు రెజిన్ పూత, అర మిల్లీమీటరు మందం పూసి, వేలు పెడితే ముద్ర పడాలి గానీ రంగు వేలికి అంటకూడదు, అప్పటిదాకా ఆగాలి. పల్చగా పూసినా, తొందరపడినా పైన వేసిన రెజిన్‌లోని స్టైరీన్ దాన్ని కొరికి మామిడి ఒరుగులా ముడతలు తెస్తుంది. మ్యాట్‌ను బ్రష్షుతో లాగకూడదు, పొడుస్తూ తడపాలి. తెల్లగా ఉన్న మ్యాట్ రెజిన్ తాగిందంటే అద్దంలా అయిపోతుంది. ఎక్కడ తెలుపు మిగిలితే అక్కడ గాలి ఉన్నట్టు. చవక బ్రష్షు వెంట్రుకలు రాల్చడంలో కల్యాణకట్టతో పోటీ పడుతుంది. అవన్నీ కవర్లోనే భద్రంగా ఉంటాయి.

అంతా బాగా కుదిరిందని మురిసి ఇడ్లీ తిని పడుకోవడమే పొరపాటు. గట్టిపడే ముందు అరగంటో ముప్పావుగంటో మ్యాట్ తోలులా మెత్తగా ఉంటుంది. అప్పుడు పదునైన కత్తితో అంచులు కోస్తే దోసె కోసినట్టు తెగుతుంది, దుమ్ము రాదు. లేచి చూసేసరికి రాయి. గ్రైండర్ పెట్టక తప్పదు. నీళ్లు చల్లుకుంటూ వాటర్ పేపర్ పట్టినా కొంత నయమే గానీ, నిద్రలేచిన మనిషికి అంత ఓపిక ఉండదు. ముక్కుకు మాస్కు కట్టుకుంటాడు, వడియాలకు కట్టడు. నిన్న ఎండ చాలక వాళ్లమ్మ మళ్లీ ఆరబెట్టింది.

తెల్లటి వడియం మీద తెల్లటి పొడి కనబడదు. ఏటవాలు ఎండలో మాత్రం సన్నగా మెరుస్తుంది.

"ఏంరా, చక్కెర గానీ చల్లినావా దీని మీద?"

మూడు కిలోల వడియాలు చెత్తబండి ఎక్కుతాయి. మనవాడికి మోచేతుల దాకా దురద. గోకితే గాజుపోగులు ఇంకా లోపలికి దిగుతాయి. చన్నీళ్లు ధారగా పోసుకుని, ప్యాకింగు టేపు అతికించి లాగేయాలి. ఆ బట్టలు ఇంట్లోవాళ్ల బట్టలతో కలిపి ఉతికితే దురద కుటుంబానికంతా సమానంగా వస్తుంది.

కవర్ బిగించే రోజు. 5 మిల్లీమీటర్ల బోల్టులు, ఐదున్నర మిల్లీమీటర్ల రంధ్రాలు, వెడల్పాటి వాషర్లు, అన్నీ సరే. పెడల్ తిప్పితే టక్. ఇంకో చుట్టుకు ఇంకో టక్. చైన్‌కు తగలకుండా వదిలాక క్రాంకు వైపు మిగిలిన సందు 6 మిల్లీమీటర్లు. కవర్ మందం 2, వాషర్ 1, బోల్టు తల మూడున్నర. నట్టును మ్యాట్ పొరల మధ్యలోనే పెట్టేసి బోల్టు లోపలినుంచి బిగించి ఉంటే బయటికి ఏమీ తేలేది కాదు. లీలామహల్ సెంటర్లో పెద్దాయన ఈసారి చెవి వారగా పెట్టి వింటాడు. "గంట కూడా పెట్టించినావే సామీ" అంటాడు.

ఇంట్లో మాత్రం ఆ మగ్గు ముద్ద మిద్దె తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం ఉంటుంది. మగ్గు బోర్లించి ఒక్క తట్టు తడితే ఊడి వచ్చిందది. మైనం లేదు, పీవీఏ లేదు. మగ్గు ప్లాస్టిక్కుకు రెజిన్ అంటదు, గోడలు పైకి పోయేకొద్దీ విచ్చుకుని ఉంటాయి, మూలలు గుండ్రం. నడుమ వేడికి పడ్డ ఒక పగులు తప్పితే, అడుగున కంపెనీ పేరు తిరగరాతలో అక్షరం చెడకుండా అచ్చుపడి ఉంటుంది.